ఇంటర్నెట్ చట్టంపై వారం రోజుల సదస్సు: ఏ తీరులో, ఏ ఊళ్ళో, ఏ నెలలో?

కాలేజీలో వారం రోజుల సదస్సు అనగానే కన్వీనర్ ముందు తయారుచేసే కాగితం అతిథుల జాబితా. ఎవరు ప్రారంభించాలి, ఎవరు ముగించాలి, ఎవరికి ఎన్ని శాలువాలు. ఇంటర్నెట్ చట్టం, సమాజం అనే అంశానికి వచ్చేసరికి ఈ వరసే మొత్తం పనిని దెబ్బతీస్తుంది. ఈ చట్టాన్ని కూర్చుని చదవాలి. సెక్షన్‌లో ఒక్క మాట అటూ ఇటూ అయితే కేసే మారిపోతుంది. ఆ మాటను కళ్ళతో చూడని విద్యార్థికి ఎంత పెద్ద వక్త చెప్పినా రెండో రోజుకు గుర్తుండదు. కాబట్టి ఎంపిక కుర్చీల్లో కూర్చునేవాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి. అతిథులు, ఊరు, నెల ఆ తర్వాత వస్తాయి.

కర్నూలు, అనంతపురం, కడప ఈ మూడూ దీనికి పనికొచ్చే ఊళ్ళే. అయితే మూడింటికీ ఒకే తీరు కుదరదు.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఎవరి కోసం. ఎల్‌ఎల్‌బీ విద్యార్థులు, రాజనీతిశాస్త్రం చెప్పే డిగ్రీ లెక్చరర్లు, కంప్యూటర్ సైన్స్ పిల్లలు, కోర్టుకు వెళ్ళే లాయర్లు, విలేకరులు, సచివాలయ ఉద్యోగులు. వీళ్ళందరినీ ఒకే హాల్లో కూర్చోబెడితే పొద్దున చెప్పింది లాయర్లకు తెలిసిందే అవుతుంది, మధ్యాహ్నం చెప్పింది మిగతావాళ్ళకు అర్థం కాదు. రెండు వర్గాలు దాకా కలపవచ్చు. మూడో వర్గాన్ని చేర్చారంటే గుంపులు విడదీయక తప్పదు.

ఆరో రోజు సాయంత్రానికి వాళ్ళ చేతికి ఏం రావాలి. "అవగాహన కల్పించడం" అని బ్రోచర్లో రాస్తే దాన్ని కొలవలేం. ఒక తీర్పును పేరా నంబర్లతో చెప్పగలగాలి, ఒక స్క్రీన్‌షాట్‌కు సర్టిఫికెట్ రాయగలగాలి, ఒక యాప్ ప్రైవసీ నోటీసులో లోపం చూపించగలగాలి. ఇలాంటివి మూడు రాసుకుంటే టైం టేబుల్ దానంతట అదే తయారవుతుంది.

చేతిలో ఉన్న డబ్బు. మంజూరైన డబ్బు వేరు, బ్యాంకులో ఉన్న డబ్బు వేరు. సామాజిక శాస్త్రాల పరిశోధనకు డబ్బిచ్చే ఐసీఎస్ఎస్ఆర్ లాంటి సంస్థ గ్రాంటు వచ్చినా పూర్తి మొత్తం ముందే చేతికి వస్తుందని లెక్క వేయకండి. కొంత భాగం బిల్లులు, డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపాకే అందుతుంది. వంటవాళ్ళు, టెంటు మనిషి, జిరాక్సు షాపు అంతకాలం ఆగరు. ఆ వారం కాలేజీ సొంతంగా ఎంత పెట్టగలదో అంతే మీ అసలు బడ్జెట్.

గది. నేలకు బిగించిన బెంచీలున్న గ్యాలరీ హాలు ఉపన్యాసానికి పనికొస్తుంది. నలుగురు ఎదురెదురుగా కూర్చుని ఒక పేరా మీద వాదించుకోవడానికి పనికిరాదు. గదిని చూడకుండా తీరును నిర్ణయించవద్దు.

భాష. తీర్పులు ఇంగ్లీషులో ఉంటాయి, చర్చ తెలుగులో సాగుతుంది. ఆ మధ్య దూరాన్ని ఎవరు పూడుస్తారో ముందే అనుకోవాలి. దీని గురించి కింద వివరంగా ఉంది.

## మూడు తీరులు

| | బహిరంగ సదస్సు | పఠన శిబిరం | సాయంత్రపు తరగతులు |
|---|---|---|---|
| ఎంతమంది | 120–150 | 36 | 40–60 |
| పని గంటలు | కాగితం మీద 36 | 36 | 12 |
| గది | ఆడిటోరియం, పక్కన రెండు క్లాసు రూములు | ఆరు బల్లలు కదిలించగల హాలు | ఊరి నడిబొడ్డున ఏదైనా హాలు |
| బస | అతిథులకు, బయటి ఊరివాళ్ళకు | అందరికీ ఆరు రాత్రులు | అక్కర్లేదు |
| ముందస్తు తయారీ | 4 నెలలు | 10 వారాలు | 5 వారాలు |
| ఎవరికి మేలు | పత్రాలు రాసే అధ్యాపకులకు, పరిశోధకులకు | విద్యార్థులకు, యువ లెక్చరర్లకు | లాయర్లకు, విలేకరులకు, ఉద్యోగులకు |
| ఎక్కడ చెడుతుంది | రెండో రోజు నుంచి హాలు పలచబడటం | చదవకుండా వచ్చేవాళ్ళు | ఆలస్యంగా మొదలై ఆలస్యంగా ముగియడం |

### బహిరంగ సదస్సు

అందరికీ అలవాటైన తీరు ఇదే. ప్రారంభ సభ, కీలకోపన్యాసం, పత్ర సమర్పణలు, ముగింపు సభ. దీని బలం విస్తృతి. నాలుగు జిల్లాల అధ్యాపకులు ఒకరికొకరు పరిచయమవుతారు, కాలేజీకి పేరు వస్తుంది.

లెక్క ఇలా వేసుకోండి. ఒక్కో పత్రానికి 12 నిమిషాలు, ప్రశ్నలకు 5 నిమిషాలు ఇస్తే గంటా పది నిమిషాల్లో నాలుగు పత్రాలు అవుతాయి. రోజుకు రెండు విడతలు, ఐదు రోజులు అనుకుంటే 40 పత్రాలు. అంతకుమించి తీసుకుంటే సమయం తగ్గించాలి. ఐదు నిమిషాల్లో పత్రం చదవమంటే అది రాసినవాళ్ళను అవమానించినట్టే. 300 మాటల సంగ్రహాలను 90 రోజుల ముందు పిలవండి, పూర్తి పత్రాలు 30 రోజుల ముందు చేతికి రావాలి. ఆ 30 రోజుల్లో ఇద్దరు కూర్చుని అన్నీ చదవాలి. చదవలేకపోతే పత్రాలను పిలవడమే మానుకోవాలి.

చెడేది రెండు చోట్ల. మొదటిది ప్రారంభ సభ. పదింటికి అని వేస్తే ముఖ్య అతిథి పదకొండున్నరకు వస్తారు, వేదిక మీద తొమ్మిది మంది ఉంటారు, భోజనాల వేళకు జ్యోతి ప్రజ్వలన ఫొటోలే మిగులుతాయి. ఆరు రోజుల్లో ఒక రోజు పోయినట్టే. ప్రారంభాన్ని ఆదివారం సాయంత్రానికి జరిపితే సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు నేరుగా పని మొదలవుతుంది. రెండోది పునరుక్తి. ఇంటర్నెట్ చట్టం మీద మాట్లాడమంటే ప్రతి అతిథీ ఆన్‌లైన్లో అభ్యంతరకర సందేశాలకు శిక్ష వేసిన 66ఎ సెక్షన్ దగ్గరే మొదలుపెడతారు. మూడుసార్లు అదే విన్నాక పిల్లలు ఫోన్లలోకి వెళ్ళిపోతారు. పిలుపు లేఖలోనే "మీరు ఫలానా తీర్పు నుంచి మొదలుపెట్టండి, మీకు ముందు మాట్లాడేవారు ఫలానా భాగం చెబుతున్నారు" అని రాస్తే ఈ సమస్య తొంభై పాళ్ళు తీరుతుంది.

ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) వేసిన సంకలనం గురించి ఒక మాట. మన దేశంలో ఐఎస్‌బీఎన్ నంబరు ఉచితంగానే ఇస్తారు. ఆ నంబరు ఉన్నంత మాత్రాన పత్రాన్ని నిపుణులు పరిశీలించారని కాదు. "ఐఎస్‌బీఎన్ ప్రచురణ" అని చెప్పి రిజిస్ట్రేషన్ ఫీజు పెంచడం యువ అధ్యాపకులకు అన్యాయం. వాళ్ళు ఆ పుస్తకాన్ని చూపించి పదోన్నతి అడిగినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది.

### పఠన శిబిరం

మా మొగ్గు దీనివైపే. 36 మంది, ఆరు బల్లలు, బల్లకు ఆరుగురు. ముగ్గురు మార్గదర్శకులు వారమంతా అక్కడే ఉంటారు, ఒక్కొక్కరు రెండు బల్లలు చూసుకుంటారు. పొద్దున రెండు గంటలు చదవడం, ఒక గంట చర్చ. మధ్యాహ్నం ఒకటిన్నర గంటలు చేత్తో చేసే పని, ఒకటిన్నర గంటలు బయటి అతిథి. అంటే రోజుకు ఒక్క అతిథే, మొత్తం ఆరుగురు.

సరంజామా లెక్క: పాల్గొనేవాళ్ళు 36, మార్గదర్శకులు 3, వాలంటీర్లు 8, ఆ రోజు అతిథి, డ్రైవరు, వంటవాళ్ళ తేడా అన్నీ కలిపి 55 ప్లేట్లు. ఆరు రోజులకు 330 మధ్యాహ్న భోజనాలు, రోజుకు రెండుసార్లు టీ అంటే 660 కప్పులు. చదివే కాగితాలు మనిషికి 120 పేజీలు దాటకూడదు. 40 సెట్లకు 4,800 పేజీలు, రెండువైపులా వేస్తే 2,400 షీట్లు, అంటే ఐదు రీములు. జిరాక్సు షాపులో ముందురోజు ఇస్తే అవి పొద్దున చేతికి రావు. వారం ముందు ఇచ్చి, ఒక సెట్టు మొత్తం తిప్పి పేజీలు ఎగిరిపోలేదని చూసుకోవాలి.

నెట్ విషయంలోనూ లెక్క ఉంది. 36 మంది అంటే ఫోనూ లాప్‌టాపూ కలిపి 70కి పైగా పరికరాలు. హాల్లో ఒక్క రూటర్ పెడితే మొదటి గంటలోనే మొరాయిస్తుంది. మూడు యాక్సెస్ పాయింట్లు మూడు మూలల్లో పెట్టించండి. దూరం నుంచి మాట్లాడే అతిథి కోసం వైఫైని నమ్ముకోకుండా నేరుగా కేబుల్ లాగండి. తీర్పులన్నీ పెన్‌డ్రైవుల్లో ఉంచితే నెట్ పోయినా పని ఆగదు.

దీని కష్టం మార్గదర్శకులు. వారం రోజులు ఒకే చోట ఉండి, రాత్రిపూట మర్నాటి పేజీలు చూసుకునే ముగ్గురు దొరకాలి. దొరక్కపోతే ఈ తీరు జోలికి వెళ్ళకండి. రెండో కష్టం చదవకుండా వచ్చేవాళ్ళు. దరఖాస్తులోనే ఒక తీర్పులోని రెండు పేజీలు ఇచ్చి, "ఇందులో కోర్టు తేల్చిన ప్రశ్న ఏది?" అని వంద మాటల్లో తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయమనండి. మార్కుల జాబితా అడగడం కంటే ఇది న్యాయం. డోన్‌లోనో రాజంపేటలోనో చదివే పిల్ల మంచి కాలేజీ పేరు లేకపోయినా లోపలికి రాగలుగుతుంది.

### సాయంత్రపు తరగతులు

కోర్టు అయ్యాక లాయర్లకు, ఎడిషన్ ఒత్తిడికి ముందు విలేకరులకు దొరికే వేళ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. ఆరు రోజులకు 12 గంటలు. ఇందులో పునాదులు చెప్పే తీరిక ఉండదు. ఒక్కో సాయంత్రానికి ఒకే ఒక్క సమస్య పెట్టుకోవాలి: స్క్రీన్‌షాట్ సాక్ష్యం, లోన్ యాప్ బెదిరింపులు, సోషల్ మీడియా పోస్టు మీద కేసు, ఇలా.

ఎనిమిదింటికి కచ్చితంగా ఆపాలి. ఎనిమిదిన్నర అయితే పల్లెలకు బస్సులు తగ్గిపోతాయి, ముందుగా మానేసేది మహిళా లాయర్లే. హాలు ఊళ్ళోనే ఉండాలి. యూనివర్సిటీ క్యాంపస్‌కు ఆ వేళలో ఎవరూ రారు. ఖర్చు చాలా తక్కువ: హాలు, మైకు, టీ, బజ్జీ.

ఇక పూర్తిగా ఆన్‌లైన్లో వారం రోజులు పెట్టాలనే ఆలోచన ఈ అంశానికి మేం సిఫారసు చేయం. శిబిరానికి ముందు రెండు సాయంత్రాలు పరిచయ పాఠాలకు మాత్రం అది బాగా ఉపయోగపడుతుంది.

## ఏం చదివించాలి: చట్టం పాలు ఎంత, సమాజం పాలు ఎంత

ఇది అన్నింటికన్నా ముందు తేల్చుకోవాల్సిన బేరీజు. చట్టం పాలు ఎక్కువైతే సెక్షన్ల వల్లెవేత అవుతుంది. సమాజం పాలు ఎక్కువైతే "సోషల్ మీడియా మంచిదా చెడ్డదా" అనే వ్యాసరచన పోటీ అవుతుంది. రెండూ ఒకే రోజులో కలవాలంటే, పొద్దున ఒక తీర్పు, మధ్యాహ్నం ఆ తీర్పు తగిలే ఊరి సమస్య అని జత కట్టాలి.

మాట. సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17 నుంచి అమల్లో ఉంది. 2008 సవరణతో చేరిన 66ఎ ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘల్ కేసులో కొట్టేసింది. నెట్‌లోని సమాచారాన్ని ఆపే అధికారం ప్రభుత్వానికిచ్చే 69ఎ ని అదే తీర్పు నిలబెట్టింది, ఇతరులు పెట్టిన పోస్టులకు వేదికల్ని బాధ్యుల్ని చేయకుండా కాపాడే 79ని కుదించి చదివింది. చాలామంది మొదటి సగం చెప్పి ఆపేస్తారు. కొట్టేసిన సెక్షన్ కింద ఇంకా కేసులు పెడుతున్నారని 2021లో సుప్రీంకోర్టే విస్మయం వ్యక్తం చేసింది. కోర్టు తీసేసిన సెక్షన్ స్టేషన్ దాకా ఎందుకు చేరలేదన్నది మధ్యాహ్నం చర్చకు చక్కగా సరిపోతుంది.

గోప్యత. గోప్యత ప్రాథమిక హక్కేనన్న సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పు, 2017 ఆగస్టు 24, తొమ్మిది మంది న్యాయమూర్తులు, ఆరు వేర్వేరు అభిప్రాయాలు, 547 పేజీలు. మొత్తం జిరాక్సు తీయించి పంచడం డబ్బు దండగ. చివరి ఉత్తర్వు, ఒక అభిప్రాయంలోంచి పదిహేను పేజీలు చాలు. దానికి జతగా 2018 ఆధార్ తీర్పులో కొన్ని పేజీలు. మధ్యాహ్నం పూట వేలిముద్ర పడని చేతుల గురించి మాట్లాడండి. చెనిక్కాయ చేలల్లో, బండల ఫ్యాక్టరీల్లో పనిచేసి వేలి గీతలు అరిగిపోయినవాళ్ళు రేషన్ షాపులో ఈ-పోస్ మిషన్ ముందు నిలబడినప్పుడు ఈ తీర్పు వాళ్ళకు ఏమిస్తుంది? మన ప్రాంతంలో ఈ ప్రశ్న పుస్తకంలోది కాదు.

అందుబాటు. అనురాధా భాసిన్ కేసు, 2020 జనవరి 10. ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వులను ప్రచురించాలని, నిరవధికంగా ఆపడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలను కదిలించేది మాత్రం ఫహీమా షిరిన్ కేసు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోను వాడకూడదన్న హాస్టల్ నిబంధనను ఒక విద్యార్థిని సవాలు చేస్తే, 2019లో కేరళ హైకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. ఇది కేరళ హైకోర్టు తీర్పు గనక మన హైకోర్టు తప్పక పాటించాల్సినది కాదు, ఒప్పించే బలం మాత్రమే ఉంటుంది. ఆ తేడా చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. హాస్టల్ వార్డెన్లను కూడా ఆ చర్చకు పిలవండి.

ప్రభుత్వ సేవలు. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్ ద్వారా సేవలు మొదలుపెట్టింది. ధ్రువపత్రాలు, బిల్లులు, ఫిర్యాదులు ఒక ప్రైవేటు కంపెనీ యాప్ మీదుగా నడుస్తున్నాయి. ఫోను చేతికి వచ్చిన రైతుకు ఆఫీసు చుట్టూ తిరగడం తగ్గింది. ఫోను కొడుకు చేతిలో ఉన్న ముసలామెకు ఏమైంది? 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ప్రభుత్వ సబ్సిడీలు, సేవలకు ఇచ్చిన వెసులుబాటును పక్కన పెట్టుకుని ఇది చదవాలి.

అప్పు. లోన్ యాప్ ఫోనులోని కాంటాక్టులన్నీ లాక్కుని బంధువులకు ఫోన్లు చేయడం ఈ జిల్లాల్లో ఇంటింటి భయం. డిజిటల్ అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫొటోల జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే నిర్దేశించింది. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం ఎందుకు ముఖ్యమో కూడా ఇక్కడే చెప్పాలి: డబ్బు ఖాతాలు మారేలోపే ఆపగలగాలి. బాధితులను వేదిక ఎక్కించి కథ చెప్పించవద్దు. ఆ హాల్లోనే ఇద్దరు ముగ్గురు అలాంటివాళ్ళు మౌనంగా కూర్చుని ఉంటారు. పేర్లు తీసేసిన ఫిర్యాదు కాగితం బల్ల మీద పెడితే చాలు.

సాక్ష్యం. లాయర్లు అన్నింటికన్నా ఎక్కువగా కోరేది, విద్యార్థులు జీవితాంతం గుర్తుంచుకునేది ఇదే. 2024 జులై 1 నుంచి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సంబంధించిన పాత 65బి సెక్షన్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియంలోని సెక్షన్ 63 వచ్చింది. ఆ చట్టం షెడ్యూల్లోని సర్టిఫికెట్‌కు రెండు భాగాలున్నాయి, ఎ భాగం దాఖలు చేసేవాళ్ళది, బి భాగం నిపుణుడిది. రెండింటిలోనూ హాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అక్షరాల వరస) రాయాలి.

హాష్ అంటే ఏమిటో ఉపన్యాసంతో చెప్పకండి, చేయించండి. ఫోనులో ఒక ఉత్తుత్తి చాట్‌ను స్క్రీన్‌షాట్ తీయమనండి. కేబుల్‌తో లాప్‌టాప్‌లోకి కాపీ చేయాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సర్ట్‌యుటిల్ ఆదేశంతో ఎస్‌హెచ్‌ఏ-256 విలువ తీస్తే 64 అక్షరాలు, అంకెల వరస వస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకోవాలి. ఇప్పుడు అదే ఫొటోను వాట్సాప్‌లో పక్కవాళ్ళకు పంపి, వాళ్ళు దింపుకున్న కాపీకి మళ్ళీ హాష్ తీయాలి. కంటికి రెండు ఫొటోలూ ఒకేలా ఉంటాయి, 64 అక్షరాలు మాత్రం పూర్తిగా వేరు. వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది గనక ఫైలే మారిపోయింది. మూడోసారి అదే ఫైలును డాక్యుమెంటుగా పంపితే హాష్ మారదు. క్లయింటు "సార్, మీకు వాట్సాప్ చేశాను, అదే కోర్టులో పెట్టండి" అంటే లాయరు ఎందుకు ఒప్పుకోకూడదో ఈ ముప్పావుగంటలో తేలిపోతుంది.

మన గడ్డ మీది కేసు ఒకటి చేర్చాలనుకుంటే 2005 నాటి సయ్యద్ ఆసిఫుద్దీన్ కేసు ఉంది. సెల్‌ఫోన్ కూడా కంప్యూటరే అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అందులో చెప్పింది. చిన్నది, తేలిగ్గా చదవొచ్చు, మొదటి రోజుకు సరిపోతుంది.

భాష సంగతి. 40 మాటల పట్టిక ఒకటి ముందే వేసి పంచండి. ప్రైవసీకి గోప్యత, కన్సెంట్‌కు సమ్మతి అందరికీ తెలుస్తాయి. ఇంటర్మీడియరీని (వాట్సాప్ లాగా ఇతరుల సందేశాలను చేరవేసే సంస్థను) "మధ్యవర్తి" అని రాస్తే మాత్రం చిక్కు వస్తుంది. మన దగ్గర మధ్యవర్తి అంటే రెండు వైపులా మాట్లాడి పంచాయితీ తెంచే పెద్దమనిషి. సెక్షన్ 79లోని ఇంటర్మీడియరీకి రక్షణ దొరికేదే తను అందులో వేలు పెట్టనందుకు. అర్థం తలకిందులవుతుంది. అలాంటి మాటలను ఇంగ్లీషులోనే ఉంచి తెలుగులో ఒక వాక్యం వివరణ రాయడం మేలు.

## ఊరు

కర్నూలు హైదరాబాద్ నుంచి వచ్చే అతిథులకు దగ్గర, 44వ నంబరు జాతీయ రహదారి మీద నాలుగైదు గంటలు. అక్కడి న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ అధ్యాపకులు పొద్దున బయల్దేరి మధ్యాహ్నం పాఠం చెప్పగలరు. ఓర్వకల్లు విమానాశ్రయం ఉన్నా విమానాల రోజులు మారుతుంటాయి, దాన్ని నమ్ముకుని టైం టేబుల్ వేయకండి. ఒకప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు, లాయర్ల బలగం పెద్దది, సాయంత్రపు తరగతులకు దీనికి సాటి లేదు. ఉర్దూ యూనివర్సిటీ ఇక్కడే ఉంది గనక ఒక బల్లను ఉర్దూ మాట్లాడేవాళ్ళతో నడపవచ్చు. సాంకేతిక పాఠాలకు ఇక్కడి సాంకేతిక విద్యాసంస్థ ఐఐఐటీడీఎం వాళ్ళను అడగవచ్చు.

అనంతపురం బెంగళూరు వైపు చూస్తుంది. రెండొందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో నేషనల్ లా స్కూలు, ఇంటర్నెట్ విధానాల మీద పనిచేసే పరిశోధకులు ఉన్నారు. కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్ వెళ్ళే వందేభారత్ కర్నూలులోనూ, అనంతపురంలోనూ ఆగుతుంది కాబట్టి హైదరాబాద్ అతిథికీ ఇబ్బంది లేదు. శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ), జేఎన్‌టీయూ, కేంద్రీయ విశ్వవిద్యాలయం మూడూ ఒకే ఊరి చుట్టుపక్కల ఉండటంతో చట్టం చదివేవాళ్ళనూ కంప్యూటర్ చదివేవాళ్ళనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం ఇక్కడే సులువు. పఠన శిబిరానికి మా మొదటి ఎంపిక ఇదే. ఒక ఇబ్బంది ఉంది: ఎస్కేయూ క్యాంపస్ ఊరికి దూరంగా ఇటుకలపల్లి వైపు ఉంది. శిబిరానికి అది వరం, సాయంత్రపు తరగతులకు అదే అడ్డంకి.

కడపకు దూరపు అతిథులను రప్పించడం కొంచెం కష్టం. రాత్రి కాచిగూడలో వెంకటాద్రి ఎక్కితే తెల్లవారుజామున దిగుతారు. ఆ వేళకు స్టేషన్ దగ్గర మనిషి, గది తాళం రెండూ సిద్ధంగా ఉండాలి. చెన్నై, తిరుపతి వైపు నుంచి మాత్రం తేలిక. యోగి వేమన యూనివర్సిటీ ఉంది, ఎర్రముక్కపల్లిలో సీపీ బ్రౌన్ గ్రంథాలయం ఉంది. తెలుగులో డిజిటల్ పుస్తకాలు, కాపీరైట్, నెట్‌లో తెలుగు అనే కోణం తీసుకుంటే కడపను మించిన చోటు లేదు. పాత ప్రతిని స్కాన్ చేసి నెట్‌లో పెడితే హక్కు ఎవరిది అనే ప్రశ్నను ఆ గ్రంథాలయంలోనే కూర్చుని చర్చించవచ్చు. మన కాపీరైట్ చట్టంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ళ లెక్కను అసలు పుస్తకాలు ముందుంచుకుని వేయించండి.

## నెల

మార్చి రెండో వారం దాటితే ఎండలు, పరీక్షలు. నవంబరులో కడప వైపు ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరు వరదలు ఎవరూ మరిచిపోలేదు. వినాయక చవితి నవరాత్రుల్లో కర్నూలులో రోడ్లు, హాళ్ళు దొరకవు. సంక్రాంతి సెలవులు అయ్యాక జనవరి మూడో, నాలుగో వారం మూడు ఊళ్ళకూ సరిపోతుంది. ఈ మధ్య ఏళ్ళలో రంజాన్ ఫిబ్రవరిలోకి వస్తోంది, క్యాలెండర్ చూసి దానికి ముందే ముగించండి. ఎప్పుడు పెట్టినా శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండుంబావు దాకా ఖాళీ ఉంచాలి. కర్నూలు, కడపల్లో నమాజుకు వెళ్ళేవాళ్ళు బల్లకు ఒకరైనా ఉంటారు, వాళ్ళు లేకుండా చర్చ ముందుకు సాగితే ఆ మధ్యాహ్నం వాళ్ళది కాకుండా పోతుంది.

## ఎవరికి ఏది

లా కాలేజీ అయితే: పఠన శిబిరం, సాక్ష్యానికి ఒకటిన్నర రోజు. చివరి రోజు మూట్ (ఉత్తుత్తి కోర్టు వాదన) పెట్టండి, బల్లకు ఇద్దరు వాదిస్తారు.

డిగ్రీ కాలేజీ రాజనీతిశాస్త్ర శాఖ అయితే, ముగ్గురు మార్గదర్శకులు దొరకడం కష్టం. నాలుగు రోజులు 60 మందితో సదస్సు, పొద్దున పూట మాత్రం చదివే బల్లలు. ఆరు రోజులు లాగడం కంటే నాలుగు రోజులు నిండుగా ఉండటం మేలు. "వారం" అనే మాట కోసం చివరి రెండు రోజులను అతిథులతో నింపితే ఆ రెండు రోజులే అందరికీ గుర్తుండి, మొదటి నాలుగూ మరుగునపడతాయి.

ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు చట్టం మొదటి రోజే ఎత్తుకోవద్దు. ఒక సందేశం ఫోను నుంచి సర్వరు దాకా ఎలా వెళుతుంది, ఎక్కడెక్కడ ఎవరు ఆపగలరు అన్నది పిల్లలకు తెలుసు. ఆ బొమ్మ గీయించి, ఆపగలిగే ప్రతి చోటా ఏ సెక్షన్ ఉందో రాయమనండి. 69ఎ కింద 2009 నిబంధనల్లో నిలిపివేత ఉత్తర్వులను గోప్యంగా ఉంచాలనే పదహారో నిబంధన దగ్గరికి వచ్చేసరికి వాళ్ళే ప్రశ్నలడుగుతారు.

బార్ అసోసియేషన్, ప్రెస్ క్లబ్, స్వచ్ఛంద సంస్థ అయితే ఆలోచించక్కర్లేదు, సాయంత్రపు తరగతులే. డబ్బూ మనుషులూ ఉన్న యూనివర్సిటీ శాఖ అయితే శిబిరాన్ని పగలు నడిపి, మంగళ, గురు, శనివారాల్లో మూడు సాయంత్రాలు ఊళ్ళో అందరికీ తెరవవచ్చు. వచ్చిన అతిథే రెండు చోట్లా మాట్లాడతారు, ప్రయాణ ఖర్చు ఒక్కటే.

## రిజిస్ట్రేషన్ ఫారం

ఏ తీరు ఎంచుకున్నా మొదట జనం చేతికి వెళ్ళేది ఇదే, ఎక్కువగా తప్పుపోయేదీ ఇదే. ఎవరో పాత సదస్సు గూగుల్ ఫారం కాపీ చేస్తారు. అందులో పుట్టిన తేదీ, తండ్రి పేరు, కులం, ఇంటి చిరునామా, ఆధార్ నంబరు, ఫొటో అన్నీ ఉంటాయి. గోప్యత మీద సదస్సుకు వచ్చేవాళ్ళను గుమ్మంలోనే ఇవన్నీ ఇమ్మని అడుగుతున్నాం. ఆ షీట్ లింకు వాలంటీర్ల గ్రూపులో తిరుగుతుంది, సదస్సు అయ్యాక దాన్ని ఎవరూ తీసేయరు.

కావాల్సింది ఆరే: పేరు, కాలేజీ లేదా పని, ఫోను లేదా మెయిలు, బస కావాలా, భోజనం శాకాహారమా మాంసాహారమా, వయసు 18 దాటిందా. చివరిది ఎందుకంటే 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్ళ డేటాకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి, ఇంటర్ పిల్లలు వస్తారు. ఆ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. గడువు ఉంది కదా అని ఆగకుండా ఇప్పుడే పాటించి చూపించడం మీ సదస్సుకే గౌరవం. నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఉండాలని చట్టం చెబుతోంది, తెలుగు అందులో ఉంది. నాలుగు వాక్యాలు చాలు: "ఈ వివరాలు మీ బస, భోజనం, హాజరు కోసం మాత్రమే. ఇద్దరు చూస్తారు, వాళ్ళ పేర్లు కింద ఉన్నాయి. సదస్సు ముగిసిన 60 రోజులకు తీసేస్తాం. ముందే తీసేయమంటే ఈ నంబరుకు చెప్పండి."

ఫొటోలకు, వీడియోకు వేరే గడి పెట్టండి, ముందే టిక్ పెట్టి ఉంచవద్దు. టిక్ పెట్టనివాళ్ళ బ్యాడ్జీకి వేరే రంగు దారం కట్టిస్తే ఫొటోగ్రాఫరుకు దూరం నుంచే తెలుస్తుంది.

సోమవారం పొద్దున ఆరు బల్లల మీదా ఈ ఫారం, దాని పక్కనే పాత ఫారం కూడా పెట్టండి. డేటా రక్షణ చట్టంలోని 5, 6, 9 సెక్షన్లు చదివి, పాతదానిలో ఏ గడి ఎందుకు కొట్టేశారో రాయమనండి. మొదటి గంటకు వేరే పాఠం అక్కర్లేదు.